న్యాయపీఠం ఎదుట ఆయుధం: నార్తాంప్టన్ శాసనం నుండి బ్రూయెన్ తీర్పు వరకు ఒక పరిశీలన

న్యాయస్థాన ద్వారం వద్ద లోహశోధక యంత్రం, సంచుల తనిఖీ, గోడమీద హెచ్చరిక పలక మొదలైనవి ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో స్థిరపడిన ఏర్పాట్లు. అయితే అవి అమలు పరుస్తున్న నియమం చేతి తుపాకి కంటె పాతది. ఆంగ్ల న్యాయచరిత్రలో దాని స్పష్టమైన తొలి రూపాల్లో ఒకటి 1328 నాటిది. ఆనాటి శాసనకర్తల దృష్టిలో ఉన్నవి ఖడ్గం, కవచం. ప్రాణభయంతోనే ఆయుధం ధరించానన్న వాదన ఇతరచోట్ల సంగతి ఎలా ఉన్నా, న్యాయమూర్తి సమక్షంలో ఎందుకు చెల్లలేదన్నది ఈ వ్యాసంలో ప్రధానంగా పరిశీలించదలచిన అంశం.

రెండవ ఎడ్వర్డు పాలన ప్రభువర్గాల సాయుధ కలహాలతో సాగింది. పార్లమెంటుకు ఆయుధాలతో రాకూడదని 1313లోనే ఆజ్ఞ వెలువడింది. 1327లో ఆ రాజు పదవీచ్యుతుడయ్యాడు. బాలుడైన మూడవ ఎడ్వర్డు సింహాసనమెక్కాడు. మరుసటి సంవత్సరం నార్తాంప్టన్‌లో సమావేశమైన పార్లమెంటు చేసిన శాసనంలోని మూడవ అధ్యాయం మన ప్రస్తుతాంశం. ఎంతటివారైనా, ఏ స్థితికి చెందినవారైనా రాజ న్యాయమూర్తుల ఎదుటికి గాని, విధి నిర్వహణలో ఉన్న రాజోద్యోగుల ఎదుటికి గాని బలగంతో, ఆయుధాలతో రాకూడదని, సంతల్లో, అంగళ్లలో రాత్రింబవళ్లు సాయుధులై సంచరించకూడదని దాని సారాంశం. రాజు సమక్షంలో ఉన్న రాజసేవకులకు, రాజాజ్ఞను అమలు చేసే అధికారులకు, శాంతిరక్షణకై కేక విని ఆయుధం పట్టినవారికి మినహాయింపు ఉంది. ఉల్లంఘించినవాని ఆయుధాలు రాజుపరం కాగా, అతడు రాజు తలచినంతకాలం చెరలో ఉండవలసిందే.

ఈ శాసనపు భాష నార్మన్ ఫ్రెంచి. అందులో శాంతిభంగాన్ని సూచించడానికి వాడిన 'అఫ్రే' అన్న మాట మీద తరువాతి శతాబ్దాల్లో పెద్ద చర్చే నడిచింది. ఆ మాట పుట్టుక భయపెట్టడం అన్న అర్థంలో ఉంది. ఇద్దరు, అంతకు మించినవారు బహిరంగస్థలంలో పోట్లాడుకోవడం అనే అర్థం తరువాత బలపడింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 159వ సెక్షను ఆ పదాన్ని నిర్వచించింది ఈ అర్వాచీనార్థంలోనే. కాబట్టి 1328 శాసనాన్ని తెలుగు చేసేవారు ఆ పదానికి 'కొట్లాట' అని రాస్తే అసలు భావం జారిపోతుంది. అక్కడ ఉద్దేశించినది దెబ్బ పడడం కాదు, చూచినవారి గుండె ఝల్లుమనడం. 'బెదురు' అన్న అచ్చతెలుగు మాట దానికి దగ్గరగా ఉందని నా అభిప్రాయం. న్యాయనిఘంటువుల్లో ఒకే పదానికి ఒకే సమానార్థకం చాలుననుకునే అలవాటు ఇటువంటి చోట్లనే చిక్కు తెస్తుంది.

సర్ థామస్ ఫిగెట్ వ్యవహారం ఈ శాసనం ఎలా అమలైందో చూపే ఉదాహరణ. పదిహేడవ శతాబ్దపు న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ తన న్యాయశాస్త్ర గ్రంథపు మూడవ భాగంలో దీనిని నమోదు చేశాడు. 1350 ప్రాంతంలో ఫిగెట్ తన వస్త్రాల కింద కవచాయుధాలు ధరించి రాజప్రాసాదంలోకి, రాజన్యాయస్థానపు న్యాయమూర్తుల ఎదుటికి వచ్చాడు. పట్టుబడ్డాక అతడు ఇచ్చిన సమాధానం సూటిగా ఉంది: ఆ వారంలోనే తనకు మరొకనితో తగవు వచ్చింది, అతడు బెదిరించాడు, ప్రాణరక్షణకోసమే ఆయుధం ధరించాడు. అది అబద్ధమని ఎవరూ తేల్చలేదు. అయినప్పటికీ ఆయుధాలు జప్తయ్యాయి, మనిషి చెరకు వెళ్లాడు.

ఫిగెట్ ఆయుధం ఎవరికీ కనబడేట్టు ధరించలేదు. జనాన్ని బెదరగొట్టడమే నేరమైతే, వస్త్రాల కింద దాగినదాన్ని చూచి బెదిరినవారెవరు? వీధిలో సాయుధసంచారం నేరం కావడానికి బెదురు అవసరమా కాదా అన్నది వివాదాస్పదం. న్యాయపీఠం ఎదుట మాత్రం ఆయుధం ఉండడమే చాలునని ఈ ఉదాహరణను బట్టి ఊహించవచ్చు. న్యాయస్థానానికి వచ్చేవారిలో చాలామంది ఎవరితోనో తగవున్నవారే. ఆ భయమే సమాధానంగా చెల్లితే ప్రతి కక్షిదారుకూ కత్తి ధరించే హక్కు వస్తుంది. పైగా ఆనాటి వెస్ట్‌మినిస్టర్ సభాభవనంలో నేటివలె మూసిన గదులు లేవు. పలు న్యాయస్థానాలు ఒకే విశాలమైన మండపంలో నడిచేవి. 1882లో కొత్త భవనానికి తరలేవరకు ప్రధాన న్యాయస్థానాల ఉనికి అక్కడే.

అక్కడ న్యాయమూర్తి మీద కత్తి దూస్తే, దెబ్బ తగలకపోయినా, కుడిచేతిని నరికే శిక్ష ఉండేదని పద్దెనిమిదవ శతాబ్దంలో బ్లాక్‌స్టన్ రాశాడు. 1631లో సాల్స్‌బరీ న్యాయసభలో ఒక ముద్దాయి ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్‌సన్ మీదికి ఇటుకముక్క విసిరాడు. అది వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ముద్దాయి కుడిచేతిని నరికి ఉరికొయ్యకు తగిలించి, అతనిని న్యాయసభ ఎదుటనే ఉరితీశారు. ఈ సంఘటనను నమోదు చేసిన లేఖకుడు ఫ్రెంచి, ఇంగ్లీషు మాటలను ఒకే వాక్యంలో కలగాపులగం చేశాడు. న్యాయవాద వర్గపు వృత్తిభాష క్షీణదశకు ఆ వాక్యాన్ని ఇప్పటికీ ఉదాహరిస్తారు. మణిప్రవాళం ఎరిగిన మన పాఠకులకు అందులో మణులెక్కడో వెతకవలసి ఉంటుంది.

1686లో సర్ జాన్ నైట్ బ్రిస్టల్‌లో తుపాకితో చర్చిలో ప్రవేశించాడన్న అభియోగంమీద ఇదే శాసనం కింద విచారణకు గురై, జ్యూరీ నిర్ణయంతో విడుదలయ్యాడు. వీధుల్లో ఆయుధధారణకు ఈ విడుదల ఎంతవరకు ఊతమిస్తుందన్న వాదం నేటికీ ఆగలేదు. న్యాయస్థానాల విషయంలో అంతటి సందిగ్ధం లేదు.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1786లో నార్తాంప్టన్ శాసనపు ఒరవడిలోనే ఒక చట్టం చేసింది. అంతర్యుద్ధానంతరం జార్జియా 1870లో పిస్తోలు, బాకు వంటి మారణాయుధాలను న్యాయస్థానానికి, ఎన్నికల స్థలానికి, ప్రార్థనాస్థలానికి, ఇతర బహిరంగ సభలకు తీసుకుపోరాదని నిషేధించింది. 1868లో బహిష్కృతులైన నల్లజాతి సభ్యులు తిరిగి ప్రవేశించిన సంవత్సరపు శాసనసభ అది. ఆ జాబితాలో న్యాయస్థానం పక్కనే ఎన్నికల స్థలం చేరడం యాదృచ్ఛికమని నేననుకోను. 1874లో హిల్ అనే వ్యక్తి అభియోగంలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఈ చట్టాన్ని సమర్థించింది.

అదే కాలంలో లూసియానాలోని కోల్‌ఫాక్స్‌లో జరిగినది చూస్తే నియమం ఒక్కటే చాలదని తెలుస్తుంది. ఎన్నికల వివాదం నేపథ్యంలో నల్లజాతి పౌరులు అక్కడి న్యాయస్థాన భవనంలో కాపలా ఉన్నారు. 1873 ఏప్రిల్ 13న, ఈస్టర్ ఆదివారంనాడు, శ్వేతజాతి సాయుధ దళం ఫిరంగితో వచ్చి, భవనానికి నిప్పుపెట్టి, లొంగిపోయినవారిని సైతం చంపింది. మృతుల సంఖ్యమీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. చివరకు శిక్షపడిన కొద్దిమంది కూడా 1876 నాటి క్రూక్‌షాంక్ తీర్పుతో బయటపడ్డారు. ఆయుధాన్ని గుమ్మం వద్ద ఆపే రాజ్యమే చేతులు ముడుచుకుంటే న్యాయస్థానం నాలుగు గోడల కట్టడమే.

ఆధునిక తనిఖీలకు దారితీసిన ఘటనల్లో 1970 ఆగస్టు 7 నాటిది ముఖ్యం. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ న్యాయస్థానంలో ప్రేక్షకుల మధ్య కూర్చున్న 17 ఏళ్ల జోనథన్ జాక్సన్ దాచి తెచ్చిన తుపాకులతో లేచి, న్యాయమూర్తి హారల్డ్ హేలీని, మరికొందరిని బందీలుగా పట్టుకున్నాడు. న్యాయమూర్తి, జాక్సన్ సహా నలుగురు మరణించారు. ఆ తుపాకులు తన పేర ఉన్న కారణంగా ఏంజెలా డేవిస్ విచారణ ఎదుర్కొని 1972లో నిర్దోషిగా విడుదలయ్యారు.

ఇక్కడివరకు సమస్య బయటినుంచి వచ్చే ఆయుధానిది. లోపల భద్రపరచిన ఆయుధపు సమస్య వేరు. ఖైదీ లాక్కునే ప్రమాదం ఉన్నందున, అతనిని దగ్గరనుండి కాపాడే అధికారి తన తుపాకిని తాళంపెట్టెలో ఉంచి రావడం పలు న్యాయస్థానాల్లో ఆచారం. 2005 మార్చి 11న అట్లాంటాలో ఒక ఖైదీ బేడీలు విప్పిన క్షణంలో కాపలా అధికారిణిని కొట్టి పడవేసి, తాళంచెవి తీసుకుని, పెట్టెలోని ఆమె తుపాకిని చేజిక్కించుకున్నాడు. న్యాయమూర్తి రోలండ్ బార్న్స్, న్యాయస్థాన లేఖకురాలు, ఒక సార్జెంటు హతులయ్యారు. రక్షణకోసం చేసిన ఏర్పాటు ఆయుధాన్ని ఖైదీకి దూరం చేసింది గాని తాళంచెవిని దూరం చేయలేదు. ఏడు శతాబ్దాల నిషేధ చరిత్రలో భద్రపరచడం గురించిన ఆలోచన ఎంత ఆలస్యంగా మొదలైందో దీనివల్ల తెలుస్తుంది.

అమెరికా సమాఖ్య చట్టం 1988 నుండి సమాఖ్య భవనాల్లో తుపాకిని నిషేధిస్తూ, సాధారణ కార్యాలయంలో ఉల్లంఘనకు ఒక సంవత్సరం, న్యాయస్థానంలో అయితే రెండేళ్ల వరకు కారాగారశిక్ష విధించింది. ప్రతి ప్రవేశద్వారం వద్ద ప్రకటన ఉండాలి. అది లేక, నిషేధం సంగతి నిందితునికి వాస్తవంగా తెలియకపోతే శిక్షించరాదు.

2022 జూన్ 23న న్యూయార్కు తుపాకి అనుమతుల వివాదంలో వెలువడిన బ్రూయెన్ తీర్పులో న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ నార్తాంప్టన్ శాసనాన్ని, జాన్ నైట్ విచారణను సవివరంగా చర్చించారు. బహిరంగ ఆయుధధారణపై సాధారణ నిషేధానికి ఆ శాసనం ఆధారం కాదని తేల్చారు. శాసనసభలు, ఓటింగు స్థలాలు, న్యాయస్థానాలు మాత్రం ఆయుధాలను నిషేధించదగిన చోట్లుగా నిర్వివాదంగా స్థిరపడ్డాయని అంగీకరించారు. ఇంగ్లండు ఆ అధ్యాయాన్ని 1967లోనే రద్దు చేసింది. పుట్టిన దేశంలో కొట్టివేసిన వాక్యాలకు అట్లాంటిక్ ఆవలి ఒడ్డున న్యాయవాదులు ఇంకా వ్యాఖ్యానాలు రాస్తూనే ఉన్నారు.