ఇల్లెందు: అడవి నిలబెట్టిన గనులు

సింగరేణి అనగానే ఇవాళ చాలామందికి గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ గుర్తొస్తాయి. ఆ బొగ్గు కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం సరేసరి. ఆ ఊళ్లన్నిటికంటే ముందు సింగరేణి బొగ్గు పైకొచ్చింది మాత్రం మా ఇల్లెందులో. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చుట్టూ అడవి, నడుమ కార్మిక బస్తీలతో ఉన్న ఊరు మాది. పాతవాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు.

బొగ్గు బయటపడిన సంగతిని ఇక్కడ ఇంటింటా ఒకే తీరుగా చెబుతారు. భద్రాచలం పోతున్న యాత్రికులు దారిలో ఆగి, మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెడితే పొయ్యిరాళ్లే అంటుకున్నాయట. కాగితాల్లో ఉన్నది వేరు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఇక్కడి ఒక బొగ్గు పొరను ఆయన పేరు మీదే కింగ్ సీమ్ అంటారు. తరతరాలుగా ఈ అడవిలో తునికాకు కోసి, ఇప్పపూలు ఏరుకుని బతికిన కోయవాళ్లు అప్పటిదాకా ఆ నల్లరాయిని చూడలేదంటే నేను నమ్మను. వాళ్ల పేర్లు ఏ రికార్డులోకీ ఎక్కలేదు, అంతే.

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లండు సంస్థ తవ్వకం హక్కులు పొందింది. 1889లో గనులు మొదలయ్యాయి. అడవిలో బొగ్గు తవ్వితే సరిపోదు, బయటికి చేరవేయాలి. అందుకే డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా మా ఊరికి రైలు పట్టాలు పడ్డాయి. స్టేషన్‌కు పెట్టిన పేరు కూడా ఇల్లెందు కాదు, సింగరేణి కాలరీస్. సింగరేణి అన్నది ఆ దారిలో కారేపల్లి దగ్గరున్న చిన్న పల్లె. 1920 డిసెంబర్ 23న కొత్త కంపెనీ రిజిస్టర్ అయినప్పుడు ఆ పల్లె పేరే దానికి స్థిరపడింది. 2016లో జిల్లాలు విడిపోయాక పేరిచ్చిన పల్లె ఖమ్మం జిల్లాలో, బొగ్గిచ్చిన ఊరు కొత్తగూడెం జిల్లాలో మిగిలాయి.

కంపెనీ చేతులు మారిన కథ పొడుగ్గా ఉంటుంది గానీ ముఖ్యమైనవి రెండు. 1945లో నిజాం సర్కారు ఎక్కువ వాటాలు కొనేసింది. ఇప్పుడు 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది బాయి, అంటే గని లోపలి సంగతి. భూగర్భ గనిలో బొగ్గు తీసినకొద్దీ పైకప్పు కుంగుతుంది. దాన్ని ఆపడానికి కర్ర దుంగలు నిలబెట్టేవాళ్లు. ఆ పని చేసేవాళ్లే టింబర్‌మన్లు. కప్పు మీద బరువు పడుతుంటే కర్ర ముందుగా కిర్రుమంటుందని, ఆ చప్పుడు చెవిన పడగానే బయటికి ఉరికేవాళ్లమని పాత కార్మికులు చెబుతారు. భూమిపైన నీడనిచ్చిన అడవే భూమి లోపల ప్రాణం కాపాడింది. మా ఊరి చరిత్రలో అడవినీ బొగ్గునూ విడదీసి చెప్పడం కుదరదని నేననేది అందుకే.

కోల్‌ఫిల్లర్ల బతుకు ఇంకా కష్టం. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపాలి. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి, ఉత్తరాది నుంచి కూడా జనం ఆ కూలికే వచ్చారు. స్టేషన్ బస్తీ, 24 ఏరియా, జేకే కాలనీ అట్లా నిండాయి. రోజు మొత్తం షిఫ్టు సైరన్ మీదే నడిచేది. ఎర్రజెండా సంఘాలు ఇక్కడ బలంగా పాతుకుపోవడానికీ ఆ బతుకే కారణం. కమ్యూనిస్టు విప్లవ రాజకీయాల నుంచి వచ్చిన గుమ్మడి నర్సయ్యను ఈ నియోజకవర్గం అయిదుసార్లు అసెంబ్లీకి పంపింది.

తర్వాత ఒక్కో బాయి మూతపడుతూ వచ్చింది. భూగర్భ గనుల స్థానంలో జేకే 5, కోయగూడెం లాంటి ఓపెన్‌కాస్టులు (ఓసీలు) వచ్చాయి. ఓసీలో యంత్రాలదే పని, మనుషుల అవసరం తక్కువ. 1990ల ఆరంభంలో సింగరేణి మొత్తంలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బాయిలు బంద్ అయ్యాక బజారు ఎట్లా పలచబడుతుందో చూడాలంటే మా ఊరికి రావాలి. అడవికీ ఓసీ దెబ్బే ఎక్కువ. భూగర్భ గని అడవి నుంచి కర్ర తీసుకుంది. ఓసీ అడవి నిలిచిన నేలనే తీసుకుంటుంది. ఎత్తిపోసిన మట్టిగుట్టల మీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. కానీ ఇప్ప, మద్ది, తునికి కలిసి పెరిగిన పాత అడవి అట్లా తిరిగి రాదు.

సెలవురోజు వస్తే మా వాళ్లంతా కిన్నెరసాని దారి పడతారు. విశ్వనాథ సత్యనారాయణ పాటలు కట్టిన వాగు అదే. పాల్వంచ దగ్గర దానిమీద జలాశయం, జింకల పార్కు, పడవ షికారు ఉన్నాయి. 1977లో ప్రకటించిన అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. చుక్కల దుప్పులు, ఎలుగులు, అడవిదున్నలు, నీళ్లలో మొసళ్లు. అయితే పడవెక్కే పిల్లలకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ డ్యాం కట్టిన ప్రధాన కారణాల్లో పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్లివ్వడం ఒకటి. ఆ కేంద్రం నడిచేది బొగ్గుతో. నేటి విహారం కూడా బాయి పని పుణ్యమే.

ఇల్లెందులో బాయి దిగిన తరం వయసు మీద పడింది. మీ ఇంట్లో తాతో, నాన్నో కోల్‌ఫిల్లరో టింబర్‌మనో అయితే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. ఏ బాయిలో చేశారో, ఎవరితో దిగారో, ఎంత కూలి వచ్చిందో అడిగి రాసుకోండి. పాత ఫొటో, జీతం చీటీ, తలదీపం ఏది దొరికినా పారేయకండి.