వయ్యారిభామ వాకిట్లోకొచ్చింది

పూలమొక్కలు పెంచడం గురించి ఎవరైనా రాస్తారు. ఆ మొక్కల మధ్య నడిచే దారిలో కలుపు తీయడం గురించి ఎవరూ రాయరు. పూసిన గులాబీకి ఫోటో తీస్తారు గాని, గొంతుక్కూర్చుని తుంగ పీకే మనిషికి తీస్తారా!

కలుపు కూడా నేలని బట్టే. మా తెనాలిది నల్లరేగడి. నాలుగు చినుకులు పడ్డాయంటే గేటు నుంచి మెట్ల దాకా తుంగా, గరికా పరుచుకుంటాయి. బాపట్ల ఇసుకలో పల్లేరుకాయలు. చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రేపల్లె దాటి కృష్ణ సముద్రంలో కలిసే వైపు వెళ్తే ఉప్పునేల. అక్కడ కలుపు కంటే మల్లెని బతికించుకోవడమే పెద్ద పని.

చిత్రమేమిటంటే ఈ శత్రువులంతా మన పాత చుట్టాలే. వినాయక చవితినాడు గరిక కోసం వెతుక్కుంటాం, మర్నాడు దాన్నే పీకి పారేస్తాం. గంగవాయిలి పప్పులో పడితే కూర, దారిలో మొలిస్తే కలుపు. సున్నిపిండిలోకి పచారీ కొట్లో డబ్బిచ్చి కొనే తుంగముస్తెలు ఆ తుంగ గడ్డలే మరి!

తుంగతో మాత్రం జాగ్రత్త. దాని గడ్డలు భూమిలో గొలుసుకట్టుగా ఉంటాయి. పారతో పైపైన చెక్కితే గొలుసు తెగి, ఏ గడ్డకా గడ్డ మొలకేస్తుంది. వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడు గునపంతో గడ్డ సహా లాగాలి. మరిగే నీళ్ళు పోస్తే ఇటుకల సందుల్లో లేత మొలకలు చస్తాయి, తుంగ చావదు. ఉప్పు చల్లితే వానకి కరిగి మల్లెపాదులోకే పోతుంది.

ఇవన్నీ ఇంటి దొంగలు. పరదేశం నుంచి వచ్చినవాటి కథ వేరు. తెనాలి కాలవల్లో పేరుకునే గుర్రపుడెక్క దక్షిణ అమెరికాది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాలుకు వచ్చింది. ఎందుకనుకున్నారు? ఊదారంగు పువ్వు బాగుందని, తోటల్లో కొలనుల అందం కోసం! అది పడవల్ని ఆపేసి, వరిచేలను ముంచేస్తుంటే 1936లో బెంగాలు ప్రభుత్వం దానిమీద ఏకంగా చట్టమే చేసింది. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టి తవ్వించిన కాలవల్లో ఇప్పుడు మనమూ దాన్ని ఎత్తి పోసుకుంటూనే ఉన్నాం.

వయ్యారిభామని అందం కోసం ఎవరూ తేలేదు. 1950ల్లో పూణే దగ్గర కనిపించింది. విదేశీ గోధుమలతో కలిసి వచ్చిందంటారు. రైలుకట్టల వెంట, రోడ్ల వెంట నడుచుకుంటూ దేశమంతా తిరిగింది. ఒక్కో మొక్కకి వేల విత్తనాలు. ముట్టుకుంటే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. ఇంత దుర్మార్గపు మొక్కకి ఆడపేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, మగవాడే అయివుంటాడు!

బాపట్ల వ్యవసాయ కళాశాల పుట్టిన 1945లోనే అమెరికాలో 2,4-డి అనే కలుపుమందు బజారుకొచ్చింది. వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది, గరికని వదిలేస్తుంది. గాలి తిరిగితే ఆ తుంపర పక్కనున్న టమాటానీ, గులాబీనీ కూడా మాడ్చేస్తుంది. పెరటి దారికి అంత అస్త్రం నాకు నచ్చదు. మనిషి చేత పీకించడమే మేలు.

అయితే ఆ మనిషెవరు? డెల్టా చేలల్లో కలుపు ఆడవాళ్ళే తీస్తారు, ఇళ్ళల్లోనూ అంతే. గులాబీలు కత్తిరించడానికి మనం చేతులకి తొడుగులు వేసుకుంటాం. వయ్యారిభామని మాత్రం ఆవిడ వట్టి చేతుల్తో పీకుతుంది. సాయంత్రానికి ముంజేతుల మీద దద్దుర్లు లేస్తే కొబ్బరినూనె రాసుకుంటుంది. ఒక జత తొడుగులు ఆవిడకీ కొనండి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో లాగించండి. ఆ రోజుకి కూలి కాస్త ఎక్కువే ఇవ్వండి.