బెంచీ మీద కుర్రాడికి చోటెక్కడ?

మా సాఫ్టువేరు వాళ్ళకి "బెంచి" అంటే ప్రాజెక్టు దొరక్క ఖాళీగా కూర్చోవడం. ఆటల్లో బెంచీ మీది కుర్రాడిదీ అదే తంతు. ఎంత బాగా ఆడతాడన్నదొక్కటే చాలదు, జట్టులో ఖాళీ ఎక్కడుందో కూడా చూడాలి. బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి. 40 నిమిషాల ఆటలో కోర్టు మీద అయిదుగురు, అంటే మొత్తం 200 నిమిషాలు. పన్నెండుమందీ అందులోనే పంచుకోవాలి. సీనియర్లు వాడుకోగా మిగిలినవే కుర్రాళ్ళకి.

ఈ ఖాళీ సంగతి బాగా అర్థం కావాలంటే మన కోనసీమ వాళ్ళిద్దరి బాడ్మింటన్ చరిత్ర చూడాలి.

కిడాంబి శ్రీకాంత్‌ని అందరూ గుంటూరు కుర్రాడంటారు గానీ, 1993లో పుట్టింది రావులపాలెంలో. మొదట్లో అతను డబుల్స్ ఆటగాడు. 2011 కామన్వెల్త్ యూత్ గేమ్స్‌లో తెచ్చిన రెండు పతకాలూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోవే. గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కి మళ్ళించాడు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ని సొంతగడ్డ మీదే ఓడించాడు. 2018 ఏప్రిల్లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

అమలాపురం సాత్విక్ సాయిరాజ్‌ది దీనికి తిరగేసిన కథ. మనవాళ్ళ చూపంతా సింగిల్స్ మీదున్న రోజుల్లో డబుల్స్ పట్టుకున్నాడు. మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ అతన్ని చిరాగ్ శెట్టితో జతకట్టించాడు. ఇద్దరూ వెనకనుంచి స్మాష్ బాదేవాళ్ళే, మరి నెట్ దగ్గర నిలబడేదెవరు? కుదురుకోడానికి టైం పట్టింది. అయినా 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచేనాటికి సాత్విక్‌కి 17 ఏళ్ళే. 2023 అక్టోబరులో ఈ జంట నంబర్ వన్.

ఇద్దరి దారులూ 2022 మే 15న బాంకాక్‌లో కలిశాయి. థామస్ కప్ పోటీలో మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మూడు గెలిస్తే చాలు. ఫైనల్లో లక్ష్యసేన్, సాత్విక్-చిరాగ్, శ్రీకాంత్ వరసగా గెలిచి ఇండోనేషియాని 3-0తో ముగించేశారు. క్వార్టర్స్, సెమీస్ రెండిట్లోనూ ఆఖరి మ్యాచ్ గెలిచి జట్టుని గట్టెక్కించిన ప్రణయ్‌కి ఆరోజు కోర్టులోకి దిగే పనే పడలేదు. అంతమాత్రాన ఆ కప్పులో అతని వాటా తగ్గిందంటారా?

అందుకే, కుర్రాడికి ఎన్ని నిమిషాలు దొరికాయని లెక్కపెట్టేముందు, వాడికి సరిపోయే చోటు ఎవరైనా వెతికారా అని అడగాలి. శ్రీకాంత్‌ని డబుల్స్‌లోనే ఉంచేసినా, సాత్విక్‌ని సింగిల్స్‌లోకి తోసేసినా ఏమయ్యేదో! ప్రతిభ కుర్రాడిదే. కానీ ఇంకా ఏమీ రుజువు చేసుకోని వాడికి చోటు చూపించడం మాత్రం పెద్దవాళ్ళ పని. మన ఊళ్ళలో పదో తరగతి అవగానే రాకెట్ అటక మీద పెట్టించేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు.