ఇంటర్‌పోలేషన్ (డిజిటల్ కెమెరా)

సెన్సర్ నమోదు చేసిన పిక్సెళ్ల మధ్య కొత్త పిక్సెళ్లను లెక్కగట్టి చొప్పించి, ఫొటో కొలతలను పెంచే పద్ధతి. పొరుగు పిక్సెళ్ల విలువలే దీనికి ఆధారం: బైలీనియర్ పద్ధతి 4 పిక్సెళ్లను, బైక్యూబిక్ 16 పిక్సెళ్లను చూస్తుంది. 100, 200 విలువలున్న రెండు పిక్సెళ్ల నడిమధ్య బైలీనియర్ లెక్కలో 150 పడుతుంది. అక్కడ నిజానికి సన్నని వెంట్రుక ఉన్నా అది తిరిగి రాదు. సెన్సర్ చూడని వివరాన్ని ఈ లెక్క పుట్టించలేదు.

2000లో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఫైన్‌పిక్స్ 4700 పేరుపడ్డ ఉదాహరణ. దాని సూపర్ సీసీడీ సెన్సర్‌లో ఉన్నవి 24 లక్షల పిక్సెళ్లు, ఫొటోలో వచ్చేవి 43 లక్షలు. పిక్సెళ్ల తేనెపట్టు అమరిక వల్ల కొంత అదనపు స్పష్టత దక్కిన మాట నిజమే, కానీ అంకెల్లో కనిపించినంత కాదు.

డిజిటల్ జూమ్‌లోనూ మధ్యభాగాన్ని కత్తిరించి ఇలాగే సాగదీస్తారు. సెన్సర్‌లోని ఒక్కో పిక్సెల్‌కు ఒకే రంగును చేరనిచ్చే బేయర్ ఫిల్టర్ వదిలేసిన రంగులను పూరించే ఇంటర్‌పోలేషన్ వేరు. అది ఫొటో పరిమాణాన్ని పెంచదు.