ద్రావణి నిష్కర్షణలో కాంతి సెన్సర్లు

ద్రావణంలో కలిసివున్న పదార్థాలను విడదీస్తున్నప్పుడు, ఏది ఎంత ఉందో గొట్టంలో పారుతుండగానే కాంతితో కొలిచే సాధనాలివి. శాంపిల్ సీసా ల్యాబుకు వెళ్లి ఫలితం తిరిగి వచ్చేలోగా ప్లాంటులో ద్రావణం చాలా దూరం వెళ్లిపోతుంది. ఆ ఆలస్యాన్ని తప్పించడమే వీటి పని.

ఇలాంటి విడదీత జరిగే చోటొకటి హైదరాబాద్‌లో ఉంది. నగరంలో ఈసీఐఎల్ సంస్థ పక్కన 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడింది. జాదుగూడ, తుమ్మలపల్లె గనుల యురేనియం అక్కడ నైట్రిక్ ఆమ్లంలో కరిగి, కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌ను తాకుతుంది. యురేనియం నూనె పొరలోకి ఎక్కుతుంది, మలినాలు నీటి పొరలోనే ఉండిపోతాయి. తర్వాత లవణాల్లేని నీటితో కడిగితే యురేనియం మళ్లీ నీటిలోకి దిగుతుంది.

ఇలాంటి ద్రావణం కాంతికి బాగా లొంగుతుంది. ద్రావణంలో యురేనియం రూపమైన యురేనైల్ అయాన్ 414 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని పీల్చుకుంటుంది, అందుకే అది పసుపు రంగులో కనిపిస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌తో కాంతిని గొట్టంలోకి పంపి, ఎంత తగ్గిందో చూస్తే గాఢత తెలుస్తుంది. అయితే ఆమ్లం మోతాదు మారితే వర్ణపటం ఆకారమూ మారుతుంది కాబట్టి ఒక్క తరంగదైర్ఘ్యాన్ని నమ్ముకోకూడదు. తెలిసిన మిశ్రమాల వర్ణపటాలతో ముందే నేర్పిన గణిత నమూనా కావాలి. బుడగలు, కిటికీ గాజుకు పట్టిన పొర కూడా లెక్క తప్పిస్తాయి.

చెదిరిన కాంతిని చూసే రామన్ పద్ధతిలో యురేనైల్ 870, నైట్రేట్ 1047 సెం.మీ.⁻¹ దగ్గర విడివిడి గీతలుగా పడతాయి. లోహాన్నీ నైట్రేట్‌నూ ఒకే చూపులో పట్టుకోవచ్చు. యురేనైల్ నీలి కాంతిలో ఆకుపచ్చగా మెరిసి ఆ గీతలను కప్పేస్తుంది కనుక ఎర్ర లేజర్ వాడటం మేలు. అణు ఇంధన పునఃశుద్ధి కోసం అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాల ఈ రెండు పద్ధతులనూ కలిపి అభివృద్ధి చేసింది.

అదే కాంప్లెక్స్‌లో జిర్కోనియం నుంచి హాఫ్నియంను వేరుచేయడం మరో కథ. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది కాబట్టి ఇంధన గొట్టాల లోహంలో దాన్ని మిగలనివ్వకూడదు. ఈ కవల లోహాల అయాన్లకు రంగే లేదు. పసుపు యురేనైల్‌ను పట్టే ఫైబర్ ప్రోబ్‌కు ఇక్కడ చూడటానికేమీ దొరకదు. శాంపిల్ సీసా ల్యాబుకు వెళ్లి, ప్లాస్మా మంటలో ఏ లోహానికా లోహం తన గీతలు చూపేదాకా ఆగాల్సిందే.