ఈ-మెయిల్ ఆలస్యం - వాయిదా నియమం: చిన్న సర్వర్ల దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంపిన ఈ-మెయిల్ గంటల తరబడి ఆలస్యంగా చేరితే దానిని సాధారణంగా సర్వర్ లోపంగా భావిస్తారు. ఈ-మెయిల్ రవాణా నియమాల చరిత్రను పరిశీలిస్తే, ఆలస్యానికి ఆ వ్యవస్థలో మొదటి నుంచీ ఉద్దేశపూర్వకంగా చోటు కల్పించారని తెలుస్తుంది. ఉత్తరం పోకుండా కాపాడటానికి 1980వ దశకంలో ఏర్పడిన వాయిదా నియమం 2003 తరువాత పంపినవారిని పరీక్షించే సాధనంగా మారిన క్రమాన్ని వివరించడం, ఆ మార్పు చిన్న సంస్థల సర్వర్ల మీద మోపిన భారాన్ని గుర్తించడం, ఆలస్యానికి కారణం వెదికే పద్ధతిని ఆ చరిత్ర వెలుగులో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈ-మెయిల్ చరిత్ర, మెయిల్ సర్వర్, క్యూ, వాయిదా, గ్రేలిస్టింగ్, శీర్షిక పంక్తులు.

1. ప్రవేశిక:
కొన్ని కళాశాలలు, చిన్న ప్రచురణ సంస్థలు, వ్యాపార సంస్థలు తమ డొమైన్ పేరుతో సొంత మెయిల్ సర్వర్‌ను నడుపుకుంటాయి. అటువంటి చోట్ల ఉదయం పంపిన మెయిల్ మధ్యాహ్నం చేరిందన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. టెండరుకో, వ్యాస సమర్పణకో గడువు ఉన్న రోజున ఆ కొద్ది గంటలే నిర్ణాయకమవుతాయి. సర్వర్‌ను చూసుకునే ఉద్యోగి దానిని ఆపి మళ్లీ నడిపిస్తాడు. కొంతసేపటికి మెయిల్ వెళ్తుంది. ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో మాత్రం తెలియకుండానే ఉండిపోతుంది. ఈ ప్రశ్నకు సమాధానం ఒక్క యంత్రంలో దొరకదు. నాలుగు దశాబ్దాలుగా రూపొందుతూ వచ్చిన నియమాలలో దానిని వెదకాలి.

2. నిలవ చేసి పంపే పద్ధతి:
1971లో రే టామ్లిన్సన్ ఆర్పానెట్‌లోని ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు సందేశం పంపడంతో నెట్‌వర్క్ ఈ-మెయిల్ చరిత్ర మొదలైంది. ఆ దశకంలో మెయిల్ ప్రధానంగా ఫైళ్లను బదిలీ చేసే నియమం మీద ఆధారపడి నడిచింది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రచించిన ఆర్.ఎఫ్.సి. 821 పత్రం ఎస్.ఎం.టి.పి. అనే ప్రత్యేక రవాణా నియమాన్ని స్థిరపరచింది. అదే నెలలో డేవిడ్ క్రాకర్ రూపొందించిన ఆర్.ఎఫ్.సి. 822 ఉత్తరం స్వరూపాన్ని, శీర్షిక పంక్తులను నిర్వచించింది.

ఈ నియమాలు ఏర్పడిన కాలంలో రెండు కంప్యూటర్లు ఒకే సమయంలో పనిచేస్తూ, ఒకదానికొకటి అందుబాటులో ఉంటాయన్న నమ్మకం లేదు. యు.యు.సి.పి. పద్ధతిలో ఒక యంత్రం టెలిఫోన్ ద్వారా పక్క యంత్రాన్ని పిలిచి, అంతవరకు పోగైన ఉత్తరాలను అప్పగించేది. ఛార్జీలు తక్కువగా ఉండే రాత్రివేళ పిలవడం పరిపాటి. దారిలో నాలుగు యంత్రాలుంటే ఉత్తరం నాలుగు చోట్ల నిలవ ఉండవలసి వచ్చేది. భారతదేశ అనుభవం కూడా ఇటువంటిదే. 1986లో ప్రారంభమైన ఎర్నెట్ పథకంలో ఐదు ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ముంబయిలోని ఎన్.సి.ఎస్.టి., కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భాగస్వాములు. అక్కడ కూడా మొదట నడిచినది డయల్-అప్ మీద ఆధారపడిన యు.యు.సి.పి. మెయిలే. నాటి పరిశోధకులకు మరునాడు చేరిన ఉత్తరం ఆలస్యమైన ఉత్తరం కాదు. అది సక్రమంగా చేరిన ఉత్తరమే.

3. వాయిదా నియమం:
ఆర్.ఎఫ్.సి. 821లో, ఉత్తరం స్వీకరించే సర్వర్ చెప్పే ప్రతి జవాబుకూ మూడంకెల సంఖ్య ఉంటుంది. 5తో మొదలయ్యే సంఖ్య శాశ్వత తిరస్కరణ. ఉదాహరణకు, ఆ పేరుతో పెట్టె లేదని చెప్పే 550. 4తో మొదలయ్యే సంఖ్య తాత్కాలిక తిరస్కరణ. ఇప్పుడు తీసుకోలేను, తరువాత రమ్మని దాని భావం. 421, 450, 451 ఈ వర్గానికి చెందినవి. తాత్కాలిక తిరస్కరణ పొందిన ఉత్తరాన్ని పంపే సర్వర్ తన క్యూలో ఉంచుకుని మళ్లీ ప్రయత్నించాలి. ఈ విభజనే వాయిదా నియమానికి పునాది.

1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ రచించిన ఆర్.ఎఫ్.సి. 974 ఎం.ఎక్స్. నమోదులను వివరించింది. ఒక డొమైన్‌కు వచ్చే మెయిల్‌ను ఏ యంత్రాలు స్వీకరిస్తాయో, ఏ వరుసలో వాటిని ప్రయత్నించాలో ఆ నమోదులు తెలుపుతాయి. మొదటి యంత్రం పలకకపోతే రెండవదాని వద్దకు వెళ్లే వీలు దీనితో ఏర్పడింది.

ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలి, ఎన్నాళ్లు ప్రయత్నించాలి అన్న ప్రశ్నలకు 1989 అక్టోబరులో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 1123 స్పష్టమైన సమాధానమిచ్చింది. రెండు ప్రయత్నాల మధ్య కనీసం 30 నిమిషాల విరామం ఉండాలని, కనీసం 4 లేదా 5 రోజులపాటు పంపే ప్రయత్నం మానరాదని సూచించింది. మొదటి గంటలో రెండుసార్లు, ఆపైన రెండు మూడు గంటలకొకసారి ప్రయత్నించడం మేలని కూడా చెప్పింది. 2008లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5321 సైతం ఈ సూచనలనే నిలుపుకుంది. ఎరిక్ ఆల్మన్ బర్క్లీలో రూపొందించిన సెండ్‌మెయిల్‌లో నాలుగు గంటలకు హెచ్చరిక, ఐదు రోజులకు ఉత్తరం వాపసు అన్న అమరిక స్థిరపడింది. ఆ హెచ్చరిక చూసి ఉత్తరం పోయిందనుకుని మళ్లీ పంపేవారు నేటికీ ఉన్నారు. నిజానికి, ఉత్తరం ఇంకా భద్రంగా ఉందని, మళ్లీ పంపనవసరం లేదని చెప్పడమే దాని ఉద్దేశం. ఆలస్యం అమృతం విషం అన్న నానుడికి భిన్నంగా ఇక్కడ ఆలస్యమే ఉత్తరాన్ని బతికించింది.

4. 1988 నవంబరు - ఆలస్యానికి చెల్లించిన మూల్యం:
ఈ ఏర్పాటుకు ఒక పరిమితి ఉంది. ఉత్తరం పోదు గాని, సమయానికి చేరుతుందన్న హామీ లేదు. 1988 నవంబరు 2 సాయంత్రం విడుదలైన మోరిస్ వర్మ్ ఈ పరిమితిని బయటపెట్టింది. సెండ్‌మెయిల్‌లోని ఒక లోపం కూడా దాని వ్యాప్తికి ఒక మార్గమైంది. మరునాడు తెల్లవారుజామున హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ సడుత్ దానిని అరికట్టే ఉపాయాలను అజ్ఞాతంగా ఒక మెయిల్‌లో పంపాడు. వర్మ్ కలిగించిన రద్దీ వల్ల, యంత్రాలను నెట్‌వర్క్ నుంచి విడదీయడం వల్ల ఆ ఉత్తరం 20 గంటలకు పైగా దారిలోనే నిలిచిపోయింది. ఎందరికో అవసరమైన పరిష్కారం, అవసరం దాదాపు తీరిన తరువాత చేరింది. వాయిదా నియమం తన పని తాను చేసింది. ఉత్తరం పోలేదు. కానీ దాని ప్రయోజనం పోయింది. ఉత్తరం భద్రత, ఉత్తరం సకాలంలో చేరడం వేర్వేరు గుణాలని ఈ సంఘటన వల్ల తెలుస్తుంది.

5. విశ్వాసం నుంచి అనుమానం వైపు:
1990వ దశకం మధ్యభాగం వరకు ఎవరి ఉత్తరాన్నైనా స్వీకరించి ముందుకు పంపడం సర్వర్ల మర్యాదగా ఉండేది. అయాచిత వాణిజ్య మెయిల్ పెరగడంతో ఆ మర్యాద దుర్వినియోగమైంది. 1997లో పాల్ విక్సీ తదితరులు దుర్వినియోగ చిరునామాల నిరోధక జాబితాను ఆరంభించారు. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9లో, ఇతరుల మెయిల్‌ను ముందుకు పంపే సదుపాయాన్ని ముందుగానే మూసివేశారు.

2003లో ఇవాన్ హ్యారిస్ ప్రతిపాదించిన గ్రేలిస్టింగ్ ఈ చరిత్రలో ఒక మలుపు. పంపే యంత్రం ఐ.పి. చిరునామా, పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా అనే మూడింటి కలయిక కొత్తదైతే, స్వీకరించే సర్వర్ కావాలనే 4తో మొదలయ్యే జవాబిస్తుంది. నియమం పాటించే సర్వర్ కొంతసేపటికి మళ్లీ వస్తుంది. లక్షల మెయిళ్లను విసిరిపోయే ప్రోగ్రాం చాలావరకు తిరిగి రాదు. ఈ విధంగా ఓపికే నిజాయితీకి గీటురాయి అయింది. 2012 జూన్‌లో ఆర్.ఎఫ్.సి. 6647 ఈ పద్ధతిని వివరంగా చర్చించింది.

ఇక్కడ గమనించవలసినది జవాబు అర్థంలో వచ్చిన మార్పు. 1982లో 450 అనే జవాబు స్వీకరించే సర్వర్ తన ఇబ్బందిని చెప్పుకోవడం. గ్రేలిస్టింగ్‌లో అదే సంఖ్య పంపే సర్వర్‌పై అనుమానాన్ని తెలుపుతుంది. సంకేతం మారలేదు, సంకేతార్థం మారింది. 2023 అక్టోబరులో గూగుల్, యాహూ సంస్థలు ప్రకటించిన నిబంధనలలో ఈ ధోరణి మరింత స్పష్టమైంది. పంపినవారిని ధ్రువీకరించే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ అమరికలు లేని పెద్ద మొత్తపు మెయిల్‌లో కొంత భాగానికి 2024 ఫిబ్రవరి నుంచి మొదట తాత్కాలిక తిరస్కరణ ఇస్తామని, తరువాత శాశ్వతంగా తిరస్కరిస్తామని గూగుల్ తెలిపింది. వాయిదా ఇక్కడ ఒక హెచ్చరికగా మారింది.

6. ఆలస్యాన్ని చదివే పద్ధతి:
ఒక కావ్యానికి లభించిన ప్రతులను సరిపోల్చి, ఏ పాఠం ఏ దశలో మారిందో నిర్ణయించడం తెలుగు పరిశోధకులకు పరిచితమైన పని. ఆలస్యమైన మెయిల్ పరిశీలన కూడా ఆ కోవకు చెందినదే. దారిలోని ప్రతి సర్వరూ తాను స్వీకరించిన సమయాన్ని శీర్షికలో అన్నింటికంటే పైన చేరుస్తుంది. కాబట్టి ఆ పంక్తులను కింది నుంచి పైకి చదవాలి. ఒకటి +0530లో, మరొకటి +0000లో ఉంటే ముందుగా రెండింటినీ ఒకే కాలమానానికి మార్చాలి. యంత్రాల గడియారాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. మనకు తెలిసిన సర్వర్ రాసిన పంక్తికి కింద ఉన్నవి కల్పితాలు కావచ్చు. వాటిని ప్రక్షిప్తాలను చూసినట్లే జాగ్రత్తగా చూడాలి.

ఊహాత్మకంగా ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక చిన్న ప్రచురణ సంస్థ సర్వర్‌కు ఉత్తరం 10:02కు అందింది. విశ్వవిద్యాలయ సర్వర్ దానిని 10:39కి స్వీకరించింది. ఆ 37 నిమిషాలు ఎక్కడ గడిచాయో శీర్షిక చెబుతుంది గాని, ఎందుకు గడిచాయో చెప్పదు. అందుకు సర్వర్ దినచర్య, అంటే లాగ్ చూడాలి. 10:02, 10:09, 10:19 ప్రయత్నాలకు 450 జవాబు వచ్చినట్లు, 10:39 ప్రయత్నం ఫలించినట్లు అందులో ఉందనుకుందాం. అవతలి సర్వర్ గ్రేలిస్టింగ్ గడువు 30 నిమిషాలైతే 10:32కే ద్వారం తెరుచుకుంది. మిగిలిన 7 నిమిషాలు పంపే సర్వర్ విరామం వల్ల కలిగినవి. వీట్సె వెనెమా రూపొందించిన పోస్ట్‌ఫిక్స్‌లో సహజంగా ఉండే అమరిక ప్రకారం, వాయిదా పడిన ఉత్తరాల వరుసను 300 సెకన్లకొకసారి పరిశీలిస్తారు. ఒక్కొక్క ఉత్తరానికి విరామం 300 సెకన్ల నుంచి క్రమంగా 4000 సెకన్ల వరకు పెరుగుతుంది. అంటే ఆలస్యం రెండు సంస్థల విధానాల మొత్తం. ఒక్కరిని నిందించడం శాస్త్రీయం కాదు.

పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ప్రతి ఉత్తరానికి ఎదురుగా ఆలస్యాన్ని నాలుగు భాగాలుగా విడదీసి చూపే అంకెలుంటాయి. మొదటిది క్యూ నిర్వాహకుడి వద్దకు రాకముందు గడిచిన కాలం. వాయిదాలో గడిచిన సమయం కూడా ఇందులోనే కలుస్తుంది. రెండవది క్యూ నిర్వాహకుడి వద్ద గడిచినది. మూడవది డి.ఎన్.ఎస్. విచారణతో సహా అవతలి సర్వర్‌తో సంబంధం ఏర్పడటానికి పట్టినది. నాలుగవది ఉత్తరాన్ని అందజేయడానికి పట్టినది. మొదటి అంకె పెద్దదైతే లాగ్‌లోని పాత తిరస్కరణలను చదవాలి. రెండవది పెద్దదైతే సర్వర్‌లో రద్దీ ఉందేమో చూడాలి. మూడవది పెద్దదైతే పేర్ల విచారణను, ఫైర్‌వాల్‌ను పరీక్షించాలి. జవాబు చెప్పకుండా ప్రశ్నను మింగేసే ఫైర్‌వాల్ వల్ల అవతలి యంత్రం గడువు తీరేదాకా ఎదురుచూస్తూ ఉంటుంది. నాలుగవది పెద్దదైతే లైను వేగం, జతపరచిన ఫైళ్ల పరిమాణం విచారించాలి.

ఈ పరిశీలన జరగకముందే సర్వర్‌ను ఆపి మళ్లీ నడిపితే క్యూలోని ఉత్తరాలు కదలవచ్చు. కానీ కారణం అలాగే ఉంటుంది.

7. చిన్న సర్వర్ పరిస్థితి:
గ్రేలిస్టింగ్ అందరినీ సమానంగా పరీక్షించదు. అనేక ఐ.పి. చిరునామాల నుంచి పంపే పెద్ద సంస్థల మెయిల్ ఈ పరీక్షలో చిక్కుకుంటుంది గనుక, వాటికి మినహాయింపు జాబితాలు వెలిశాయి. తరచు పంపేవారి చిరునామాల కలయిక సర్వర్‌కు గుర్తుంటుంది. ఎప్పుడో ఒక ఉత్తరం పంపే చిన్న సంస్థ మాత్రం దాదాపు ప్రతిసారీ అపరిచితురాలే. తప్పు చేయకపోయినా నిరీక్షణ దానికి వంతు అవుతుంది. ఈ అసౌకర్యం వల్ల సొంత సర్వర్‌ను వదిలి పెద్ద సంస్థల సేవకు మారడం సులభమనిపిస్తుంది. అలా మారినప్పుడు తన ఉత్తరం ఎక్కడ, ఎంతసేపు, ఎందుకు ఆగిందో తెలిపే లాగ్ చాలావరకు చేజారుతుంది. సౌకర్యంతో పాటు ఆధారాన్ని కూడా అప్పగించినట్లవుతుంది.

8. ముగింపు:
1. అందుబాటులో లేని యంత్రాల మధ్య ఉత్తరాన్ని కాపాడటానికి ఏర్పడినది వాయిదా నియమం. 1982 నాటి జవాబు సంఖ్యలు, 1989 నాటి 30 నిమిషాల, 4-5 రోజుల సూచనలు నేటికీ దాని ఆధారాలు.
2. 1988 నాటి సంఘటన ఉత్తరం భద్రతకు, సకాల ప్రాప్తికి మధ్యనున్న అంతరాన్ని నిరూపించింది.
3. 2003 తరువాత అదే వాయిదా పంపినవారిని పరీక్షించే సాధనమైంది. ఆ పరీక్ష భారం అరుదుగా పంపే చిన్న సర్వర్ల మీద ఎక్కువగా పడింది.
4. ఆలస్యానికి కారణాన్ని శీర్షిక పంక్తులు, లాగ్, జవాబు సంఖ్యలు అనే మూడు ఆధారాలను కలిపి నిర్ణయించాలి.
5. గడువులు విధించే పత్రికలు, కార్యాలయాలు మెయిల్ తమకు చేరిన సమయాన్నే ప్రమాణంగా తీసుకుంటే, పంపినవారి చేతిలో లేని ఆలస్యానికి వారే బాధ్యులవుతారు. శీర్షికలో పంపిన సర్వర్ నమోదు చేసిన సమయాన్ని, అవసరమైతే దాని లాగ్‌ను కూడా పరిశీలించే నియమం ఉండటం న్యాయం.