పూర్వపక్షము లేని సిద్ధాంతము

కనకమ్మ సత్రమునకు సమీపముననే యున్న తిరుత్తణిలో 1888వ సంవత్సరమున సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు జన్మించిరి. జ్ఞానము మనకెట్లు కలుగును, అది సత్యమని యెట్లు నిశ్చయింతుము అను ప్రశ్నలను ఆయన జీవితకాలమంతయు విచారించిరి. ఇవి పండితగోష్ఠికే చెందినవని పలువురు తలంతురు. రాజ్యముల నడవడియు వీనిపై ఆధారపడి యున్నదని మా మనవి.

మన నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను చెప్పిరి. పూర్వపక్షమును వినిపించి, దానికి సమాధానము చెప్పిన పిదపనే సిద్ధాంతమును స్థాపించుట మన శాస్త్రకారుల ఆచారము. పూర్వపక్షమునకు చోటీయని సిద్ధాంతము రాజ్యమేలినచో అదియే నిరంకుశత్వము.

చరిత్ర యొక్క గమ్యము తమకు ముందే తెలియుననువారి వాదము ఇట్టిది. గమ్యము తెలిసినవానికి ఎదురు చెప్పువాడు అజ్ఞానియో ద్రోహియో కావలెను గదా! కార్ల్ పాపర్ అను తత్త్వవేత్త 1945లో ప్రకటించిన గ్రంథమున ప్లేటో, హెగెల్, మార్క్సులయందలి ఈ ధోరణిని ఖండించెను. మన దేశమున ఎం. ఎన్. రాయ్, 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్‌నుండి బహిష్కృతుడై, తుదకు 1948లో తన పార్టీనే రద్దుచేసి, వ్యక్తిస్వేచ్ఛయే ప్రధానమైన మానవవాదమును బోధించెను. తెలుగువారిలో త్రిపురనేని గోపీచంద్ ఆయన భావములచే ప్రభావితులైరి.

1953లో బెరియా పతనమైన పిదప, సోవియట్ మహావిజ్ఞానకోశపు చందాదారులకు, అతని వ్యాసమున్న పుటలను కత్తిరించి, బేరింగ్ సముద్రము మొదలగువానిని గూర్చిన పుటలను అతికించుకొనుడని సూచన వచ్చెను. మేము గుమాస్తాపని చేసిన కాలమున, చిట్టాలో అంకె తప్పినచో పాత అంకె కనబడునట్లే అడ్డగీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాసి, పొడి సంతకము చేయువారము. తప్పును దిద్దుట వేరు. తప్పే జరుగలేదనుట వేరు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. అంతకు పూర్వము ఉభయపక్షములవారును చరిత్రను సాక్ష్యముగ చూపిరి. పటాస్కర్‌గారు గ్రామమును ప్రాతిపదికగ గైకొని, అచటి భాషాసంఖ్యను, భూభాగముల సాన్నిహిత్యమును పరిశీలించిరి. ఆ నిర్ణయము మన పెద్దలలో పలువురకు బాధ కలిగించినది. ఐనను మన మనుమలకు, ఈ నేల యంతయు మనదే, అన్యులకిచట చరిత్రయే లేదని నేర్పుట తగదు. అదియు పూర్వపక్షము లేని సిద్ధాంతమే యగును. వారికి తెలుగు తప్పక నేర్పుదము. తమిళ సోదరుల పక్షమునుగూడ వినిపింతము. విన్న పిదప మన మాట చెప్పుకొందము.